గాలిలో కలిసిపోకముందే
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన సంఘం కార్యదర్శి నాకు ఫోన్ చేసి, "ఇంజనీరుగా నీ అనుభవాల గురించి పదిహేను నిమిషాలు మాట్లాడరా" అన్నాడు. అవి మొదలుపెడితే మీరు భోజనాల దాకా కుర్చీల్లో ఉండరు. అందుకని వాడి దగ్గర అనుమతి తీసుకుని, నేను ఆదివారాల్లో చేసే పని గురించి చెప్పడానికి వచ్చాను. చివర్లో ఒక తప్పు కూడా ఒప్పుకోవాలి. నలభై ఏళ్ళ నాటి తప్పు. మా బ్యాచి వాళ్ళకు కూడా ఇంతవరకు చెప్పలేదు.

చెన్నైలో మేము ఆరుగురం స్నేహితులం. ఒకాయన బ్యాంకు ఉద్యోగి, ఒకాయన కాలేజీ లెక్చరర్, మిగతా వాళ్ళం ఇంజనీర్లం. నెలకో శని, ఆదివారాలు ఏదో ఒక పల్లెకు పోయి అక్కడి శబ్దాలు రికార్డు చేసుకుంటాం. పాటలు కాదు, శబ్దాలు. కప్పల బెకబెకలు, పిండిమర చప్పుడు, సంతలో బేరాలు, తాటాకుల మీద పడే వాన. అమ్ముకోవడానికి కాదు. పెద్ద ప్రయోజనం ఏమిటని అడిగితే చాలాకాలం దాకా మా దగ్గర జవాబు లేదు. మా ఇంటావిడ మాత్రం, "ఇంట్లో పిలిస్తే వినపడదు గానీ, కప్పలు పిలిస్తే నూరు కిలోమీటర్లు పోతారు" అంటుంది.

పోయిన వేసవిలో మా వాళ్ళను మన ఊరికి తీసుకొచ్చాను. మేము పుట్టి పెరిగిన చోటు కదా, ఇక్కడ పని సులువుగా అయిపోతుందనుకున్నాను. తెల్లారి ఐదుకల్లా ఊరు దాటి స్వర్ణముఖి ఇసకలో మైకులు పెట్టాం. హెడ్‌ఫోన్ చెవులకు పెట్టుకుంటే ఒకటే గుబగుబ. గాలి! మైకు లోపల సన్నని పొర ఒకటి ఉంటుంది. శబ్దానికి అది అదిరితేనే రికార్డు అవుతుంది. నేరుగా గాలి కొడితే ఆ పొర పిట్ట కూతకు కదిలే దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఊగిపోతుంది. అందుకే బయట రికార్డింగు చేసేవాళ్ళు మైకుకు బొచ్చు తొడుగు వేస్తారు. ఆ తొడుగును చెన్నైలోనే మరిచిపోయి వచ్చాం. చివరికి లెక్చరర్ గారి మంకీ క్యాప్ తొడిగి, పైన తుండుగుడ్డ కప్పి పని కానిచ్చాం. పంచభూత లింగాల్లో వాయులింగం ఉన్న ఊరు మనది. గర్భగుడిలో దీపం రెపరెపలాడడం చూస్తూ పెరిగినవాణ్ణి నేను. అలాంటి నాకు సొంత ఊళ్ళో గాలే అడ్డమొచ్చింది.

అయినా ఆ పొద్దు కొన్ని దొరికాయి. కంపచెట్ల వెనక కౌజు పిట్టలు, నీటిగుంట పక్కన తీతువు, ఎక్కడో జెముడుకాకి గుక్కు గుక్కు. కానీ నాలుగు నిమిషాలు గడిచేలోపే ఒక ట్రాక్టరో, మోటారు సైకిలో, రేణిగుంట వైపు పోయే రైలో అడ్డం వచ్చేది. రెండు గంటలు కూర్చుంటే మోటారు చప్పుడు లేని శబ్దం మొత్తం కలిపి పదకొండు నిమిషాలు వచ్చింది. మా చిన్నప్పుడు ఇదే ఇసకలో పొద్దంతా ఆడుకున్నాం. అప్పుడు ఎంత నిశ్శబ్దంగా ఉండేదో నాకు గుర్తు లేదు. శబ్దంతో వచ్చిన చిక్కే అది. ఉన్నప్పుడు పట్టించుకోం, పోయినప్పుడు పోయిందని కూడా తెలియదు.

గొర్రెలు తోలుకుని పోతున్న ఒక ముసలమ్మ మమ్మల్ని చూసి ఆగింది.

"ఏమిటికి నాయినా, ఇసకలో గుడ్డ కప్పుకోని కూర్చోనుండారు? ఏమన్నా పోగొట్టుకుంటిరా?"

"లేదమ్మా, చప్పుళ్ళు పట్టుకుంటా ఉండాము."

"పట్టుకోని ఏం జేస్తారు?"

ఆమెకు కూడా నా దగ్గర జవాబు లేదు. "దాచిపెట్టుకుంటాం" అన్నాను. నవ్వుకుంటూ పోయింది. ఆ నవ్వు, గొర్రె మెడలో గంట, రెండూ రికార్డులో ఉన్నాయి.

మధ్యాహ్నం ఎండకు వేయిలింగాల కోన వైపు పోయి చెట్ల నీడన కూర్చున్నాం. అక్కడ బ్యాంకు మిత్రుడు మన ఊరి పేరు గురించి అడిగాడు. శ్రీ అంటే సాలీడు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు అని కథ చెప్పాను. చెబుతుంటే నాకే ఒక విషయం తట్టింది. ఈ మూడింటి వినికిడీ మన వినికిడి లాంటిది కాదు. సాలీడుకు చెవులే లేవు. గూటి దారాల అదురును కాళ్ళతో పసిగడుతుంది. పాముకు బయట చెవి లేదు. నేల అదురు దవడ ఎముక గుండా లోపలి చెవికి చేరుతుంది. ఏనుగు మనకు వినపడని గొంతుతో మాట్లాడుకుంటుంది. 1984లో కేటీ పేన్ అనే అమెరికా శాస్త్రవేత్త పోర్ట్‌లండ్ జంతుశాలలో ఏనుగుల పక్కన నిలబడినప్పుడు గాలిలో ఏదో అదురును గమనించారు. ఆ తర్వాత పరీక్షిస్తే ఏనుగులు మనిషి చెవికి అందని కింది స్థాయిలో, అంటే సెకండుకు 20 కంపనాల కంటే తక్కువలో కూడా పిలుచుకుంటాయని తేలింది. మనకు వినపడనంత మాత్రాన అక్కడ ఏమీ లేదనుకోకూడదు. ఊరి పేరులోనే ఈ పాఠం ఉంది, బడిలో ఎవరమూ అడగలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆ శనివారం రాత్రి మేము దగ్గర్లోని ఒక పల్లెకు భారతం చూడడానికి పోయాం. ఈ జిల్లాలో పుట్టినవాళ్ళకు భారతం గురించి నేను చెప్పనక్కర్లేదు. ద్రౌపదీ సమేత ధర్మరాజుల గుడి ముందు పగలు హరికథ, రాత్రి వీధినాటకం. బకాసుర వధ రోజు బండి నిండా అన్నం, అర్జున తపస్సు రోజు మాను ఎక్కిన అర్జునుడి కోసం కింద తడిబట్టలతో ఎదురుచూసే ఆడవాళ్ళు. చివరి పొద్దున మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ చుట్టూ భీముడు గద పట్టుకుని పరుగులు, సాయంత్రం నిప్పుల గుండం. మేము పోయింది ఆ చివరి రాత్రికే.

మా చిన్నప్పుడు పక్క ఊరి భారతం మా మిద్దె మీదికి వినపడేది. పగలు వినపడని హార్మోనియం రాత్రి ఎట్లా వినపడేదో ఆ వయసులో నాకు అర్థం కాలేదు. ఇంజనీరింగులో చదివాక తెలిసింది. పొద్దుగూకాక నేల చల్లబడుతుంది, నేలను అంటుకున్న గాలి చల్లబడుతుంది, దాని పైన గాలి ఇంకా వెచ్చగా ఉంటుంది. వెచ్చని గాలిలో శబ్దం వేగంగా పోతుంది కాబట్టి పైకి పోయే శబ్దం వంగి మళ్ళీ నేల మీదికే వస్తుంది. అందుకే రాత్రి దూరపు మాట కూడా దగ్గరగా వినిపిస్తుంది.

ఈసారి మా ఇబ్బంది దూరం కాదు. వేపచెట్టుకు నాలుగు హారన్ మైకులు కట్టారు. హార్మోనియం, మద్దెల, తాళం, పద్యం అన్నీ ఆ గొట్టాల్లో ఒకటే గరగర. మైకుసెట్టు అబ్బాయిని పక్కకు పిలిచి, "ఒక్క పది నిమిషాలు మైకు ఆపుతావా నాయనా, అసలు గొంతులు రికార్డు చేసుకుంటాం" అని అడిగాను. "నేను మైకు ఆపితే ఊరోళ్ళు నన్ను ఆపేస్తారు సార్" అన్నాడు. అదీ న్యాయమే. రికార్డరును తెర వెనక, వంత పాడేవాళ్ళ కాళ్ళ దగ్గర పెట్టుకున్నాం. గొట్టాల మోత అక్కడికి కొంచెం తక్కువ.

వంత పాడేవాళ్ళలో ఒక పెద్దాయన ఉన్నారు. డెబ్బై దాటిన మనిషి. ఒకప్పుడు దుర్యోధనుడి వేషం కట్టేవారట. మోకాళ్ళు అరిగిపోయాక వేషం తమ్ముడి కొడుక్కి ఇచ్చి తాను తాళం పట్టుకున్నారు. తెల్లారి దుర్యోధన వధ అయిపోయి, జనం ఇళ్ళకు పోయాక, మైకులు ఆపేశాక, చింతచెట్టు కింద ఆయనను కూర్చోబెట్టి ఒక పద్యం పాడమని అడిగాం. రాత్రంతా మేలుకున్న గొంతు. అయినా పాడారు. మధ్యలో రెండుసార్లు దగ్గారు, ఒకసారి చరణం మరిచిపోయి మళ్ళీ అందుకున్నారు.

అయిపోయాక హెడ్‌ఫోన్ ఆయన చెవులకు పెట్టి వినిపించాం. విని, ముఖం చిట్లించి, "ఇది నా గొంతు కాదే" అన్నారు. అందరూ ఇదే మాట అంటారు. మన గొంతు మనకు గాలి గుండానే కాదు, పుర్రె ఎముకల గుండా కూడా వినపడుతుంది. ఎముక మోసుకొచ్చే గొంతులో గాంభీర్యం ఎక్కువ. రికార్డులో అది ఉండదు కాబట్టి పలచగా, పరాయి గొంతులా ఉంటుంది. లోకానికి వినపడే మన గొంతు మనకు ఒక్కరికే కొత్త.

ఇదంతా ఆయనకు చెప్పబోతుంటే, చెయ్యెత్తి ఆపారు. మళ్ళీ వేయమన్నారు. రెండోసారి కళ్ళు మూసుకుని విన్నారు.

"సార్, ఇది మా నాయిన గొంతు" అన్నారు.

ఆయన తండ్రి కూడా ఇదే వేషం కట్టేవారట, యాభై ఏళ్ళ కిందట పోయారట. ఫోటో ఒకటి ఉంది. గొంతు ఎక్కడా లేదు. కొడుకు గొంతులో తండ్రి గొంతు ఉందని ఊళ్ళో అందరికీ తెలిసే ఉంటుంది, తెలియంది ఆయన ఒక్కరికే. "అప్పట్లో ఈ మిషను మాకాడ ఉంటే..." అని ఆగిపోయి, కాసేపటికి, "ఇంకోతూరి వెయ్యి సార్" అన్నారు. మొత్తం ఐదుసార్లు విన్నారు. ఎండ ముదిరిపోయింది, మాలో ఎవరమూ పోదామనలేదు.

ఆ చింతచెట్టు కిందే నా తప్పు నాకు గుర్తొచ్చింది.

1986 మార్చి. మా పదో తరగతి వీడ్కోలు సభ, ఇదే ఆవరణలో. మాలో ఒకడు వాళ్ళ మామ టేప్ రికార్డరు అరువు తెచ్చాడు. తలా రూపాయి వేసుకుని 60 నిమిషాల క్యాసెట్ ఒకటి కొన్నాం. అయ్యవార్లందరూ మాట్లాడారు. లెక్కల అయ్యవారు, హిందీ మేడమ్, డ్రిల్లు సారు. చివర్లో మా తెలుగు అయ్యవారు పద్యాలు చదివారు. ఆయన పద్యం చదివితే పక్క క్లాసు కూడా నిశ్శబ్దం అయ్యేదని మీలో చాలామందికి తెలుసు. క్యాసెట్ నా దగ్గర ఉంచుకోమన్నారు. "నీకు ఈ మిషన్లంటే ఇష్టం కదరా, జాగ్రత్తగా పెట్టు" అని.

ఇంటర్‌లో ఉండగా ఒక సాయంత్రం కొత్త సినిమా పాటలు ఎక్కించుకోవడానికి నా దగ్గర ఖాళీ క్యాసెట్ లేదు. డబ్బులూ లేవు. అయ్యవార్లు ఎక్కడికి పోతారు, ఎప్పుడైనా మాట్లాడించుకోవచ్చు అనుకున్నాను. దాని మీదే పాటలు ఎక్కించాను. రెండు పక్కలా.

టేపు మీద శబ్దం చెరిగిపోవడం పలక తుడవడం లాంటిది కాదు, వెతికితే మరక దొరకడానికి. రికార్డు చేసే తల ముందు చెరిపే తల ఒకటి ఉంటుంది. పాత అయస్కాంత గుర్తులన్నీ చెదరగొట్టి, శుభ్రం చేసి, తర్వాతే కొత్తవి రాయనిస్తుంది. ఇంజనీరింగులో ఇది చదివిన రోజు నేను ఎవరికీ చెప్పకుండా హాస్టల్‌కు పోయి పడుకున్నాను.

మా తెలుగు అయ్యవారు ఇప్పుడు లేరు. ఆయన గొంతు ఇంకెవరి దగ్గరైనా ఉందేమోనని చాలామందిని అడిగాను. ఎందుకు అడుగుతున్నానో మాత్రం చెప్పలేదు. ఈ రోజు చెబుతున్నాను. మిత్రులారా, ఆ క్యాసెట్ పోలేదు. నేనే చెరిపేశాను. నన్ను క్షమించాలి.

ఊరు ఏమి దాచుకుంటుందో ఆలోచించండి. కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన మన రాజగోపురం 2010 మే 26 రాత్రి కూలిపోయినప్పుడు మనమందరం ఏడ్చాం. కానీ కొలతలు ఉన్నాయి, వేల ఫోటోలు ఉన్నాయి. మళ్ళీ కట్టుకున్నాం, 2017లో కుంభాభిషేకం చేసుకున్నాం. రాయి పడిపోతే లేపొచ్చు. గొంతు పోతే లేపడానికి ఏ స్థపతీ లేడు.

శబ్దం దాచి ఏం చేస్తారని అడిగిన ముసలమ్మకు ఇప్పుడైతే ఒక జవాబు చెప్పగలను. మన పక్క కడప జిల్లాలోని కలివికోడి. 1900 తర్వాత ఎవరికీ కనపడక, అంతరించిపోయిందనుకున్న పక్షి. మేము పదో తరగతి పరీక్షలకు చదువుతున్న రోజుల్లోనే, 1986 జనవరిలో, పిట్టలు పట్టే ఒక పల్లె మనిషి సాయంతో మళ్ళీ దొరికింది. కానీ అది రాత్రి తిరిగే పక్షి, చిట్టడవిలో కనపడదు. దాని అరుపు ఏదో తేలి, రికార్డు అయ్యాక పని మారిపోయింది. పొద్దుగూకే వేళ ఆ రికార్డు వినిపించి, బదులు వస్తుందేమోనని వెతకడం మొదలుపెట్టారు. తర్వాత మళ్ళీ ఏళ్ళ తరబడి జాడ లేదు. 2025 ఆగస్టులో కొందరు పక్షి ప్రేమికులు కడప జిల్లాలో రాత్రిపూట ఆ అరుపు విని రికార్డు చేశారు. అది కలివికోడే అని చెప్పగలిగారంటే, పాత రికార్డు ఉంది కాబట్టి. గొంతు తెలిస్తేనే వెతకగలం.

అందుకని ఈ సభకు నా విన్నపం. మనందరి జేబుల్లో ఈ రోజు 1986 నాటి ఆ టేప్ రికార్డరు కంటే మంచి మిషను ఉంది. దానితో ఇంటికి పోయి అమ్మనో, నాన్ననో, అవ్వనో, మీకు అక్షరం నేర్పిన అయ్యవారినో మాట్లాడించండి. ముందు వాళ్ళను అడగండి, ఒప్పుకుంటేనే. ఫ్యాను, టీవీ ఆపండి. ఫోనును విమానం గుర్తులో పెట్టండి. నోటికి మూర దూరంలో, కింద గుడ్డ వేసి పెట్టండి. దూరం రెట్టింపైతే గొంతు చాలా తగ్గిపోతుంది, గది మోత మిగులుతుంది. మధ్యలో మీరు మాట్లాడకండి. దగ్గినా, మరిచిపోయినా ఆపకండి. దగ్గు కూడా వాళ్ళదే.

అన్నిటికంటే ముందు, తేదీ, ఊరు, పేరు నోటితో చెప్పండి. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ మొదటి గ్రామఫోన్ రికార్డులు ఇచ్చినప్పుడు పాట చివర తన పేరు తానే చెప్పేవారు. అందుకే నూరేళ్ళు దాటినా ఆ గొంతు ఎవరిదని ఎవరూ అడగనక్కర్లేదు. పేరు లేని రికార్డు మీ మనవళ్ళకు ఎవరో ఒక ముసలాయన దగ్గు, అంతే.

రికార్డు చేసింది రెండు చోట్ల దాచండి. గంట శబ్దం మంచి నాణ్యతతో దాచినా సుమారు 1 జీబీ. 64 జీబీ పెన్‌డ్రైవులో అరవై గంటలు పడుతుంది. సంఘం ఆఫీసుకు అలాంటివి రెండు ఇస్తున్నాను. ఒకటి ఇక్కడ, ఒకటి కార్యదర్శి ఇంట్లో. పక్క గదిలో మా చెన్నై మిత్రులు మైకు పెట్టుకుని కూర్చున్నారు. ఈ సాయంత్రంలోగా గురువులందరూ ఒక్కొక్కరు పది నిమిషాలు ఆ గదిలోకి రావాలని చేతులు జోడించి అడుగుతున్నాను. ఏం మాట్లాడాలి అంటారా? మమ్మల్ని తిట్టినా చాలు.

చివరి మాట. భారతం నుంచి వచ్చాక మా ఇంట్లో అటక మీది నుంచి ఆ క్యాసెట్ దించాను. పాటలన్నీ విన్నాను, రెండు పక్కలా. రెండో పక్క చివర్లో పాట అయిపోయింది, టేపు ఇంకా తిరుగుతోంది. నేను పాటలు ఎక్కించింది అంతవరకే. ఆ మిగిలిన చోట నలభై సెకండ్లు ఉంది. టేపు లెక్కలో రెండు మీటర్లకు తక్కువ. అందులో పద్యం లేదు. పద్యం అయిపోయాక అయ్యవారు గొంతు సవరించుకోవడం, "ఒరే, ఇంక ఆ మిషను ఆపండ్రా, గంట కొట్టేసినారు" అనడం, మన బడి గంట, పిల్లల కేకలు. అంతే.

దాన్ని ఇప్పుడు మీకు వినిపిస్తాను. ఒక్క నిమిషం ఫ్యాన్లు ఆపించండి.

(ఇక్కడ సభలో ఆ రికార్డు రెండుసార్లు వినిపించారు.)